తాళం ఉంటే పక్కిల్లు

మొన్న ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. కొత్తగా సర్వీసులో చేరిన పిల్లలు, మెడల్లో ఐడీ కార్డులు, ముందర ల్యాప్‌టాప్‌లు. రిటైరైనవాణ్ణి పిలిస్తే నాలుగు మంచి ముక్కలు చెప్పి, ఇచ్చిన పూలగుత్తి పట్టుకుని బుద్ధిగా ఇంటికి పోతాడని పిలిచినవాళ్ల నమ్మకం. నేనూ ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. చివర్లో ఒక అమ్మాయి లేచి, దేశం ఆర్థికంగా ఎదిగితే మనుషుల బతుకులు వాటంతటవే బాగుపడతాయా, మీ ఉద్యోగంలో ఏం చూశారు అని అడిగింది. గొంతు సవరించుకుని, వృద్ధి అవసరమే గానీ అదొక్కటే చాలదనీ, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ రెండింటి సంబంధం సంక్లిష్టమైనదనీ ఏదో అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆటో ఎక్కాక నా మీద నాకే ఒళ్లు మండింది.

ముప్పై నాలుగేళ్లు గణాంకాల ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ పిల్లకు చెప్పవలసింది సంక్లిష్టత కాదు, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో జరిగిన ఒక సంగతి. అక్కడ చెప్పడానికి నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీరు కొత్తగా చేరినవాళ్లయితే కాస్త ఓపిగ్గా చదవండి. పాతవాళ్లయితే చదవనక్కర్లేదు, మీకు తెలిసిందే.

మా ఆఫీసు గన్‌ఫౌండ్రీలో రెండు బ్యాంకుల మధ్య ఇరుక్కుని ఉండేది. బ్యాంకులకు అద్దాల తలుపులు వచ్చాయి, ఏసీలు వచ్చాయి. మాకు మాత్రం ఏటా ఒక లావుపాటి రిపోర్టు వచ్చేది. అందులో మొదటి సగం వృద్ధి. రంగురంగుల గ్రాఫులు, అన్నీ కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఎక్కేవే. చిట్టచివర, కృతజ్ఞతలకు ముందు, మానవాభివృద్ధి అనే అధ్యాయం ఉండేది. చదువు, ఆరోగ్యం, నీళ్లు, మరుగుదొడ్లు లాంటివి అందులో పడేసేవాళ్లం. ఆ అధ్యాయం రాసే పని నాది. మొదటి సగం రాసేవాళ్లకు మీటింగుల్లో ముందు వరుసలో కుర్చీలుండేవి. నేను వెనక నిలబడి, ఎవరైనా ఏదైనా అడిగితే పెద్దసారు చేతికి జవాబున్న కాగితం అందించేవాణ్ణి.

పెద్దసారంటే మా పైఅధికారి. మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. విదేశంలో రెండు వారాల శిక్షణ పొంది వచ్చినప్పటి నుంచి ఆయనకు ఒక్కటే దిగులు పట్టుకుంది. మొదటి సగంలో గ్రాఫులన్నీ అంత చక్కగా పైకి పోతుంటే, చివరి అధ్యాయంలో గ్రాఫులు మాత్రం నేల మీద ఎందుకు పాకుతున్నాయని. "రెండింటికీ పొంతన కుదరాలె కదయ్యా" అనేవాడు. ఆ కుదరకపోవడం దేశంలో ఉందని ఆయనకు తట్టేది కాదు, నా అధ్యాయంలో ఉందనుకునేవాడు.

ఇక మా ఇన్వెస్టిగేటర్. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు వేసి రాసుకొచ్చే మనిషి. తాతల కాలం నుంచీ హైదరాబాదీలు వాళ్లు. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించే అలవాటు. ఎంత ఎండైనా ఇస్త్రీ చొక్కా నలగదు. ఎందుకు నలగదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆయనకు కేటాయించిన ప్రాంతాల్లో నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ ఒకటి. మా భాషలో దాన్ని బ్లాకు అంటాం. కొన్నాళ్ల కింద ఆ బ్లాకంతా రేకుల ఇళ్లే. తర్వాత రోడ్డు వైపు ఇళ్లు తీసేసి ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టారు. వెనక వైపు రేకుల ఇళ్లు అలాగే ఉండిపోయాయి. మధ్యలో ఒక గోడ లేచింది. కానీ మా మ్యాపులో గోడ లేదు, అంతా ఒకటే బ్లాకు.

ఇప్పుడు మీకొక రూలు చెప్పాలి. కథంతా దాని మీదే ఉంది. సర్వేకు ఏ ఇళ్లకు వెళ్లాలో ముందే ఒక జాబితా వస్తుంది. ఆ ఇంటికి వెళ్లాలి. తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి. మూడోసారీ తాళం ఉంటే దాన్ని వదిలేసి పక్కింటికి పోవచ్చు. మంచి రూలే, లేకపోతే ఏ సర్వే పూర్తి కాదు. అయితే మా ఇన్వెస్టిగేటర్ వెళ్లేది పొద్దున పదకొండింటికి, టీ తాగి. ఆ వేళకు రేకుల ఇళ్లలో ఎవరుంటారు? హమాలీ పనికి పోయినవాళ్లు పోయారు, కోఠిలో బండి పెట్టుకునేవాళ్లు పోయారు, ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు పోయారు. అన్నింటికీ తాళాలే. మూడుసార్లు వెళ్లాననడానికి మూడు తేదీలు వేసుకుంటే చాలు. పక్కిల్లు ఏది? గోడ దాటితే అపార్ట్‌మెంటు. అక్కడ లిఫ్టుంది, ఫ్యానుంది, తలుపు తీసే మనుషులున్నారు, మంచినీళ్లు ఇస్తారు.

అలా ఒక రౌండు తర్వాత ఒక రౌండు, గల్లీ వెనక నుంచి ఇళ్లు ఒక్కొక్కటే గోడ దూకి అపార్ట్‌మెంటులోకి వచ్చేశాయి. మోసం అంటారా? అనలేం. ప్రతి అడుగూ రూలు ప్రకారమే పడింది. ఒకరోజు లెక్కలన్నీ కలిపి చూసుకుంటే ఆ బ్లాకు ఎగిరి గంతేసింది. చదువు పెరిగింది. ఇంట్లో నల్లా, మరుగుదొడ్డి, ఫ్రిజ్జు, ఏది చూసినా పెరిగింది. బడి మానేసిన ఆడపిల్ల ఒక్కతీ లేదు. పెద్దసారు నా టేబుల్ దగ్గరికి తనంతట తాను నడిచి వచ్చాడు. సర్వీసులో అదే మొదటిసారి.

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఆ గల్లీ నేను ఎరగనిది కాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు నడిచిపోయిన ప్రతిసారీ ఆ రేకుల కప్పులు కనిపించేవి. అయినా ముందు వరుస కుర్చీ మీద ఆశ పుట్టింది. అందుకే ఆ అనుమానాన్ని డ్రాయర్‌లో పడేసి, చివరి అధ్యాయంలో ఒక పేరా రాశాను. ఈ బ్లాకులో మానవాభివృద్ధి ఆర్థిక వృద్ధి వెన్నంటి నడిచిందనీ, ప్రాథమిక సదుపాయాల అవసరం ఇక్కడ చాలావరకు తీరిపోయిందనీ రాశాను. రెండో వాక్యం ఎవరూ అడగలేదు. వాక్యం ముగింపు బాగుంటుందని నేనే చేర్చాను. లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో రిపోర్టు విడుదల చేశారు. ఆ పేరాను తెర మీద వేసి చూపించారు. నాకు రెండో వరుసలో కుర్చీ దొరికింది. భోజనాల్లో డబుల్ కా మీఠా రెండుసార్లు వడ్డించుకున్నాను.

మా ఆఫీసు ఊడ్చే ఆమె గురించి ఇంతవరకు చెప్పలేదు. మేమూ అంతే, అవసరం వస్తే తప్ప ఆమె ఉన్నట్టు గుర్తుండేది కాదు. నారాయణపేట వైపు పల్లె నుంచి పెళ్లైన కొత్తలో వచ్చిందట. మొగుడు పోయాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి ఊడ్చి, తుడిచి, పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి టీలు అందించి, సాయంత్రం కప్పులు కడిగి పోయేది. ఏజెన్సీ ద్వారా పనిచేసేది కాబట్టి మా రిజిస్టర్లలో ఎక్కడా ఆమె లేదు. ఒక కూతురుంది. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల మార్కుల కాగితం వచ్చినప్పుడల్లా ఆమే తెచ్చి నాకు చూపించేది, లెక్కల ఆఫీసు సారు కాబట్టి మార్కులు నాకే అర్థమవుతాయని. నేను "మంచిగున్నయమ్మా" అనేవాణ్ణి. నిజంగానే బాగుండేవి. లెక్కల్లో మరీ బాగుండేవి.

రిపోర్టు విడుదలైన ఆర్నెల్లకు, ఎండాకాలం సెలవుల్లో, ఒకరోజు టీ పెట్టి కదలకుండా నిలబడింది. ఏమైందని అడిగాను.

"మా బిడ్డ బడి మూస్తున్నరంట సారూ. గల్లీ చివర ఆడపిల్లల బడి. మెహిదీపట్నం అవతల వేరే బడిల కలుపుతున్నరంట. మా దిక్కు అందరు బాగుపడ్డరు, ఇగ బడితోని పనిలేదు అని కాయితం వచ్చిందంట. మా దిక్కు ఎవరు బాగుపడ్డరు సారూ? జర కనుక్కోరి."

కనుక్కున్నాను. లక్డీకాపూల్‌లో బడుల సంగతి చూసే ఆఫీసుంది. అక్కడ తెలిసిన గుమాస్తా ఆ ఉత్తర్వు తీసి చూపించాడు. ఒకటిన్నర పేజీ. ఏ బడిని దేనిలో కలపాలో, బెంచీలు ఎవరు మోసుకుపోవాలో అన్నీ ఉన్నాయి. ఆధారం అన్నచోట ఒక వాక్యం పెట్టారు. ప్రాథమిక సదుపాయాల అవసరం ఇక్కడ చాలావరకు తీరిపోయింది. అక్షరం పొల్లుపోకుండా నాదే.

మర్నాడు పాత జాబితాలు బయటికి తీశాను. సర్వేకు మొదట ఎంపికైన ఇళ్లేవి, వాటి బదులు ఏ ఇళ్లకు వెళ్లామన్నది వాటిలో ఉంటుంది. మూడో పేజీలో మా ఊడ్చే ఆమె ఇల్లు కనిపించింది. ఇంటి నంబరు, ఆమె పేరు, మూడు తేదీలు, మూడింటి ఎదురుగా తాళం అని. దాని బదులు తీసుకున్నది అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు ఫ్లాటు. ఇన్వెస్టిగేటర్‌ను పిలిచి కాగితం ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు.

"సచ్ చెప్తున్న సాబ్, నిజంగనే తాళముండె. ఎందుకుండది? నేను గాడికి పోయే టైముకు ఆమె గీడ మీకు చాయ్ ఇస్తుంటది."

అదే పదకొండింటికి ఆమె ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. మా ఇద్దరికీ చెరో కప్పు ఇచ్చింది. ఆయన సాసరులో పోసుకుని తాగాడు, చొక్కా మీద చుక్క పడకుండా.

ఇక పెద్దసారు గదిలోకి పోయాను. తప్పు జరిగింది, సవరణ వేద్దాం, ఆ బ్లాకుకు మళ్లీ సర్వే చేద్దాం, పొద్దున ఏడింటికి వెళ్దాం అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత చాలా మృదువుగా చెప్పాడు. రూలు తప్పామా? తప్పలేదు. ఒక బ్లాకులో సవరణ వేస్తే మిగతా బ్లాకుల సంగతేమిటని అడుగుతారు. మిగతా బ్లాకుల్లో కూడా ఇళ్లకు తాళాలున్నాయి. అవన్నీ తీయడం మొదలుపెడితే రాష్ట్రం మొత్తం ఎక్కడికి జారుతుందో ఆలోచించమన్నాడు. అయినా ఒక బడి కోసం ట్రెండు పాడుచేసుకుంటామా అన్నాడు. చివర్న "చూద్దాం" అన్నాడు. సర్కారు భాషలో ఆ మాటకు అర్థం మీకూ త్వరలోనే తెలుస్తుంది.

ఆమెతో నేనూ అదే అన్నాను. "చూస్తున్నమమ్మా." ఆమె నమ్మింది. నేను చూస్తున్నానంటే ఏదో చేస్తున్నానని ఆమె అనుకుంది. ఎంత నమ్మకమంటే, గల్లీలో మిగతా ఆడవాళ్లకు కూడా మా సారు చూస్తున్నడు, ఫికర్ చేయకున్రి అని చెప్పిందట. ఈ మాట నాకు తర్వాత తెలిసింది. తెలిసిన రోజు ఆమె ఎదురుపడకుండా వెనక మెట్ల మీదుగా ఇంటికి పోయాను.

అయినా ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. ఆడపిల్లల హాస్టల్లో సీటు కోసం దరఖాస్తు నేనే నింపాను. అందులో ఏ వార్డు నుంచి వస్తున్నారని ఒక గడి ఉంది. రాసి ఇచ్చాను. వారం తర్వాత తిరిగొచ్చింది. వెనకబడిన వార్డుల పిల్లలకే ముందు సీట్లట. మీ వార్డు వెనకబడిన జాబితాలో నుంచి ఈమధ్యే తీసేశారు, అభినందనలు అన్నాడు కౌంటరులో కుర్రాడు. ఎగతాళి కాదు పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

బడి జూన్‌లో కలిసిపోయింది. కొత్త బడికి రెండు బస్సులు మారాలి. ఆడవాళ్లకు టికెట్టు లేదు, నిజమే, కానీ ఆ వేళకు బస్సులో నిలబడే చోటు కూడా లేదు. పిల్ల పదిహేను రోజులు పోయింది. ఒకరోజు సాయంత్రం బస్సు దొరక్క ఇల్లు చేరేసరికి చీకటి పడింది. తల్లి గల్లీ మొదట్లో నిలబడి ఏడ్చింది. మర్నాడు మాన్పించింది. ఆమెను తప్పుపట్టే మొహం నాకు లేదు. మా అమ్మాయిని నేను కాలేజీ దాకా స్కూటరు మీద దింపి వచ్చినవాణ్ణి.

తర్వాతి సర్వే నాటికి నా సర్వీసు రెండు నెలలు మిగిలింది. ఈసారి ఇన్వెస్టిగేటర్ వెంట తనిఖీకి నేనే వెళ్తానన్నాను. పెద్దసారు సంతోషించాడు, పోయేముందు బాధ్యత గుర్తొచ్చిందని. పొద్దున ఏడింటికి పోదామంటే ఇన్వెస్టిగేటర్ నా వైపు జాలిగా చూశాడు. కానీ జాబితా చూస్తే నా ఉత్సాహం నీరుగారింది. రూలు ప్రకారం పోయినసారి సర్వే చేసిన ఇళ్లకే ఈసారీ పోవాలి, పోల్చి చూడటానికి. ఒకసారి గోడ దూకి అవతల చేరిన ఇల్లు మళ్లీ ఇవతలికి రాదు. అంటే మా ఊడ్చే ఆమె ఇంటి బదులు ఆ ఐదో అంతస్తు ఫ్లాటే.

లిఫ్టులో పైకి వెళ్లాం. బెల్లు కొడితే చంకలో పసివాడితో ఒక పిల్ల తలుపు తీసింది. జడలు గట్టిగా అల్లి ఉన్నాయి. నా మెడలో ఆఫీసు కార్డు చూడగానే గుర్తుపట్టింది. నేను మార్కుల కాగితాల్లో పేరే చూశాను గానీ మనిషిని చూడటం అదే మొదటిసారి.

"మీరు మా అమ్మ ఆఫీసు సారు గద. లోపటికి రాండ్రి."

ఇంటావిడ మంచి మనిషి. దీన్ని ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమెను రాక్షసిని చేస్తే నా పని తేలికవుతుంది. సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. పసివాడిని చూసుకోడానికి మనిషి దొరక్క, వెనక గల్లీ అమ్మాయిని ఇంట్లోనే పెట్టుకున్నామంది. మేం తిన్నదే తింటుంది, మా పిల్లలాగే చూసుకుంటున్నాం, ఆదివారం పూట తల్లి దగ్గరికి పంపిస్తాం అంది. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద రేకుల కప్పులు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది తనదో ఆ పిల్ల వేలుపెట్టి చూపించింది.

ఇక మా ట్యాబ్. ఇప్పుడు కాగితాల్లేవు కదా, అన్నీ ట్యాబ్‌లోనే. ఒకే కప్పు కింద ఉండి ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లందరూ ఒకే కుటుంబం అని మా నిర్వచనం. పనిమనిషైనా సరే, అక్కడే ఉండి అక్కడే తింటే ఆ కుటుంబంలో మనిషే. ఆ ప్రకారం పిల్ల పేరు ఎక్కించాం. వెంటనే ఆ ఇంటి ఖర్చు మొత్తాన్ని తలసరిగా ఈ పిల్లకూ పంచేసింది ట్యాబ్. గోడకు అవతల ఉన్నప్పుడు మా లెక్కకే అందని పిల్ల, గోడ దాటి పసివాణ్ణి ఎత్తుకోగానే నగరంలో అందరికంటే పై తరగతిలో చేరిపోయింది. ఇంతకంటే వేగంగా ఎవర్నైనా పేదరికం నుంచి బయటపడేసిన పథకం నాకు తెలియదు.

తర్వాతి ప్రశ్న చదువు. ప్రస్తుతం బడికి వెళ్తోందా? లేదు. అయితే కారణం ఎంచుకోమంది. ఆరేడు కారణాలున్నాయి. ముందు బడి దూరం అని నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ బ్లాకులో ఆడపిల్లల ఉన్నత పాఠశాల ఉన్నట్టు నమోదైంది, సరిచూసుకోండి అని. బడి పోయినా దాని భవనం ఇంకా ఉంది, మా రికార్డులకు అది చాలు. ఆర్థిక ఇబ్బంది అని నొక్కాను. మళ్లీ ఎరుపు. ఈ కుటుంబం తలసరి ఖర్చుకు ఈ కారణం పొసగదట. పనికి కుదరడం అని నొక్కబోతే ఇంటావిడ మొహం చిన్నబుచ్చుకుంది. పని అని రాయకండి, మా పిల్లలాంటిది అని చెప్పాను కదా అంది. ఆమె సంతకం లేకుండా ఆ ఫారం ముందుకు పోదు.

ఇన్వెస్టిగేటర్ నా చేతిలోంచి ట్యాబ్ తీసుకున్నాడు. తల ప్రాణం తోకకు తెచ్చుకోవడం దేనికి సాబ్ అంటూ, జాబితాలో అన్నిటికంటే కింద ఉన్నది నొక్కాడు. పచ్చరంగు వచ్చింది. ఆయన చొక్కా ఎందుకు నలగదో నాకు తెలిసింది అప్పుడే. ముప్పై ఏళ్లుగా, కాగితం మీదైనా ట్యాబ్‌లోనైనా, ఆయన ఎక్కడ ఇరుక్కున్నా ఎంచుకునేది అదే. దానికి ఎవరూ ఎదురుప్రశ్న వేయరు.

పిల్ల నా భుజం పక్కన నిలబడి ట్యాబ్ వైపే చూస్తోంది. మేం రాసుకునేది జనం చదవగలరన్న ఆలోచన మాకు ఎప్పుడూ లేదు.

"సార్, చదువు మీద ఆసక్తి లేదు అని పెట్టిన్రు" అంది. గొంతు పెంచలేదు. "గది తప్పు సార్. ఎవరు చెప్పిన్రు మీకు గట్ల? నేను ఒక్క ఏడు ఫేల్ కాలేదు. బడే పోయింది. గది రాయున్రి."

ఇన్వెస్టిగేటర్ తల దించుకుని బూటు లేసు సర్దుకున్నాడు. పసివాడు ఆ పిల్ల జడ లాగుతున్నాడు. నేను ట్యాబ్ వెనక్కి తీసుకుని ఆ పచ్చరంగు చెరిపేశాను. కింద వ్యాఖ్యలు అని ఒక గడి ఉంటుంది. సర్వీసు మొత్తంలో దాన్ని వాడినవాణ్ణి కాదు. అందులో రాశాను. ఈ అమ్మాయికి చదువు మీద ఆసక్తి ఉంది. బడి మూసేశారు. మూయడానికి ఆధారం మా ఆఫీసు రిపోర్టు, అందులో నేను రాసిన వాక్యం. రాసింది ఆ పిల్లకు చూపించాను. మెల్లగా పెదాలు కదుపుతూ చదువుకుంది. చదివి, "ఔ సార్, గిప్పుడు కరెక్టు" అంది. ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పులన్నిట్లో నేను దాచుకోవాలనుకున్నది అదొక్కటే.

నాలుగో రోజుకు ఆ ఫారం పైనుంచి తిరిగొచ్చింది. వ్యాఖ్య అప్రస్తుతం, కారణం ఎంచుకోండి అని. నేను మళ్లీ అదే పంపాను. రెండోసారి ఇంకాస్త మర్యాదగా వచ్చింది. ఆసక్తి ఉన్నట్టు ఆధారం జతపరచండి అని. ఆసక్తికి ఆధారం! తల్లిని అడిగి తొమ్మిదో తరగతి మార్కుల కాగితం తెప్పించి, ఫొటో తీసి జతచేశాను. ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. ఏదో మంచి జరగబోతోంది, లేకపోతే ఆఫీసు వాళ్లు మార్కులెందుకు అడుగుతారు? నేను ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

మూడోసారి పెద్దసారే పిలిచాడు. కూర్చోమన్నాడు. ఈ ఒక్క పిల్ల దగ్గర బ్లాకు ఆగిపోయింది, బ్లాకు దగ్గర నగరం ఆగిపోయింది, నగరం దగ్గర రిపోర్టు ఆగిపోయింది అన్నాడు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయన్నాడు. ఆ వ్యాఖ్య వల్ల బడి తిరిగొస్తుందా అని అడిగాడు. రాదు. నిజమే కదా, రాదు. మీ పెన్షను కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి, ఈ గొడవేమీ లేకుండా పంపించాలని ఉంది అన్నాడు. బెదిరింపేమీ లేదు ఆ మాటలో. ఇంకో కప్పు టీ కూడా తెప్పించాడు.

పిల్లలూ, ఇక్కడ మీరు నా నుంచి ఏదైనా గొప్ప పని ఆశిస్తుంటే క్షమించండి. నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ట్యాబ్ తెరిచాను. వ్యాఖ్య చెరిపేశాను, మార్కుల కాగితం తీసేశాను, అన్నిటికంటే కింద ఉన్నది నొక్కాను. ఇన్వెస్టిగేటర్ నొక్కితే నేను చెరిపాను, చివరికి నొక్కింది నేనే. పచ్చరంగు వచ్చింది. బ్లాకు కదిలింది, నగరం కదిలింది, రిపోర్టు వచ్చింది. గ్రాఫులన్నీ పై మూలకు ఎక్కాయి, నా అధ్యాయంలోవి కూడా. ఆడపిల్లల్లో చదువు మానేసినవాళ్లు చాలా తక్కువనీ, మానేసిన కొద్దిమందీ ఆసక్తి లేక మానేసినవారేననీ అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని నేను రాయలేదు, నా తర్వాత వచ్చినవాడు రాశాడు. కానీ అతనికి ముడిసరుకు ఇచ్చింది నేను. మీరూ రేపు ఇలాంటివి రాస్తారు. రాసే ముందు ఆ పిల్ల మీ భుజం పక్కన నిలబడి చదువుతోందనుకోండి, ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

నా వీడ్కోలు సభ ఆఫీసు హాల్లోనే జరిగింది. సమోసాలు, చాయ్, ఒక శాలువా. నా అధ్యాయాన్ని నేలమీద నుంచి పైకి లేపానని పెద్దసారు మెచ్చుకున్నాడు. అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగా, ఆమె ఖాళీ ప్లేట్లు ఏరుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"సారూ, మీరు పోతే ఎవరిని అడగాల్నో నాకెర్కలేదు. గందుకే ఇప్పుడే అడుగుతున్న. మా బిడ్డ గురించి మీ దాంట్ల ఏం రాసిన్రు సారూ?"

నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. ఆమె చేతుల్లో ఎంగిలి ప్లేట్లు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. నేను శాలువా సర్దుకున్నాను.

"మంచిగనే రాసినమ్మా."

ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది. ప్లేట్లు రొమ్ముకు హత్తుకుని ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"గట్లయితే బడి మళ్ల తెరుస్తరా సారూ?"

అటువైపు నుంచి పెద్దసారు గ్రూప్ ఫొటోకు రమ్మని కేక వేశాడు. వెళ్లి మధ్యలో నిలబడ్డాను.